జ్వరానికిది ఎన్నవ రోజు? – డెంగీ రక్తపరీక్షను అర్థం చేసుకునే విధానం

వర్షాకాలం ప్రవేశించి, ఇంటి చుట్టూ పూలకుండీలలోను, కొబ్బరి చిప్పలలోను, పాత టైర్లలోను నీరు నిలిచినది మొదలు నా వైద్యశాలకు జ్వరపీడితుల రాక అధికమవుతుంది. వారిని నేను అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే: "జ్వరం ఆరంభమై నేటికి ఎన్నవ రోజు?" ఈ ప్రశ్న విలువ నాకు గురుకులంలో కాక, నా పొరపాటు వలన బోధపడింది. పాఠకులకు మేలు కలుగుతుందనే ఉద్దేశంతో దానిని దాచక వ్రాస్తున్నాను.

2015లో శ్రావణ మాసాన మా వీధిలోని ఉపాధ్యాయుడొకరు పదేళ్ళ కుమారుని తీసుకొని వచ్చారు. తీవ్రమైన జ్వరం, తలనొప్పి, కనుగ్రుడ్ల వెనుక పోటు, ఒళ్ళు నొప్పులు. నాడి పట్టి చూశాను. పిత్త ప్రకోపం కనిపించింది. సంప్రదాయానుసారం లంఘనం, షడంగ పానీయం విధించాను. పథ్యమనే పేరుతో ఇంటివారు నీటిని సైతం మితంగానే ఇచ్చారు. నాలుగవ నాటి సాయంకాలానికి ఒళ్ళు చల్లబడింది. "జ్వరం విడిచిందండీ, ఇక భయం లేదు" అని నేనే చెప్పాను.

మరునాడు తెల్లవారేసరికి బాలునికి కడుపునొప్పి, ఆగని వాంతులు పట్టుకున్నాయి. కాళ్ళు, చేతులు చల్లబడ్డాయి. హుటాహుటిన పట్టణంలోని ఆసుపత్రికి చేర్చాము. అక్కడి వైద్యులు సెలైను ఎక్కించి, రెండు రోజులు కంటికి రెప్పలా కాచి బిడ్డను దక్కించారు. వారు నన్ను ఫోనులో నిందించలేదు. "అయ్యా, జ్వరం మొదలైనది ఏ రోజున?" అని మాత్రమే అడిగారు.

నాడి చెప్పగలిగినది, చెప్పలేనిది

నాడి, మూత్రం, మలం, జిహ్వ, శబ్దం, స్పర్శ, దృక్కు, ఆకృతి అనే అష్టస్థాన పరీక్ష రోగి బలాబలాలను, దోషాల స్థితిని తెలుపుతుంది. అయితే తొలి రెండు మూడు రోజులలో డెంగీ, చికున్‌గున్యా, మలేరియా, టైఫాయిడ్ ఇంచుమించు ఒకే రూపంతో కనిపించవచ్చు. జ్వరానికి కారణమైన క్రిమి ఏదో నాడి చెప్పదు. ప్రత్యక్షాన్ని ప్రమాణంగా అంగీకరించిన శాస్త్రం మనది. రక్తపు చుక్కలో కనిపించే ప్రత్యక్షాన్ని కాదనడం శాస్త్రాభిమానం అనిపించుకోదు.

కార్డు మీది గీతలు

త్వరిత పరీక్షలో కొద్దిపాటి రక్తాన్ని చిన్న కార్డుపై వేస్తారు. 15 నుండి 20 నిమిషాలలో గీతలు ఏర్పడతాయి. 'సి' అనే అక్షరం వద్ద గీత రాకపోతే ఆ కార్డు పనిచేయలేదని అర్థం. పరీక్షను మరల చేయించాలి. తక్కినవి మూడు విషయాలు.

మొదటిది ఎన్‌ఎస్1. డెంగీ వైరస్ రక్తంలోకి విడిచే మాంసకృత్తు ఇది. జ్వరం వచ్చిన తొలి రోజు నుండే దొరకవచ్చు. అయిదవ రోజు దాటిన కొలది తగ్గిపోతుంది. రెండవది ఐజీఎం. శరీరం వైరస్‌ను ఎదుర్కొనడానికి తయారుచేసుకునే ప్రతిరక్షకం. ఇది సాధారణంగా నాలుగైదు రోజులకు గాని కనిపించదు. పిదప రెండు మూడు నెలలు నిలుస్తుంది. కావున ఐజీఎం ఉన్నంత మాత్రాన నేటి జ్వరం డెంగీయే అని నిశ్చయించరాదు. మూడవది ఐజీజీ. ఇది పూర్వం ఎప్పుడో సోకిన డెంగీకి గుర్తు కావచ్చు. జ్వరం తొలి రోజులలోనే బలంగా కనిపిస్తే, రెండవసారి సోకినదేమోనని వైద్యుడు మరింత జాగ్రత్త వహిస్తాడు. డెంగీ వైరస్‌లో నాలుగు రకాలున్నాయి. రెండవసారి వేరొక రకం సోకినప్పుడు తీవ్రత పెరిగే అవకాశం ఎక్కువ.

మా బాలునికి అయిదవ రోజున చేసిన పరీక్షలో ఎన్‌ఎస్1 గీత రాలేదు. ఐజీఎం, ఐజీజీ గీతలు వచ్చాయి. ఎన్‌ఎస్1 ఒక్కటే చూసి ఉంటే "డెంగీ కాదు" అని ఇంటికి పంపేవారు! రోజు లెక్క లేనిదే ఫలితానికి అర్థం లేదు.

కార్డు పరీక్షలో గీత రానంత మాత్రాన వ్యాధి లేదని భావించరాదు. నిర్ధారణకు ఎలీసా పరీక్ష శ్రేష్ఠం. పుణేలోని జాతీయ వైరాలజీ సంస్థ తయారుచేసిన ఐజీఎం ఎలీసా కిట్లను ఎంపిక చేసిన ప్రభుత్వ ఆసుపత్రులకు సరఫరా చేస్తారు. మలేరియా పరీక్షను కూడా తప్పక చేయించండి.

జ్వరం తగ్గినప్పుడే జాగ్రత్త

పలువురు ప్లేట్‌లెట్ల సంఖ్యనే చూసి బెంబేలెత్తుతారు. అసలు ప్రమాదం రక్తనాళాల నుండి ద్రవం బయటకు కారిపోవడంలో ఉంది. అందువలన రక్తం చిక్కబడుతుంది. హెమటోక్రిట్ అనే అంకె పెరుగుతూ, ప్లేట్‌లెట్లు పడిపోతుంటే అది హెచ్చరిక. ఇది మూడు నుండి ఏడు రోజుల నడుమ, తరచు జ్వరం తగ్గే వేళలోనే జరుగుతుంది. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుండి గాని ముక్కు నుండి గాని రక్తం, మగత, కలవరం, చల్లబడిన కాళ్ళు చేతులు, మూత్రం తగ్గడం – వీటిలో ఏ ఒక్కటి కనిపించినా క్షణం ఆలస్యం చేయక ఆసుపత్రికి వెళ్ళాలి.

ఇంట చేయదగినవి

జ్వరానికి వైద్యుడు చెప్పిన మోతాదులో పారాసిటమాల్ చాలు. ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వాడరాదు. అవి రక్తస్రావాన్ని ప్రేరేపించగలవు. బియ్యపు గంజి, పలుచని మజ్జిగ, కొబ్బరి నీరు, ఓఆర్ఎస్ ద్రావణం కొద్దికొద్దిగా పలుమార్లు ఇవ్వాలి. డెంగీ అనుమానం ఉన్నచోట కఠిన లంఘనం నేను విధించను. బొప్పాయి ఆకురసం ప్లేట్‌లెట్లను పెంచుతుందని కొన్ని పరిశీలనలు తెలిపినా, ద్రవం కారడాన్ని అది ఆపుతుందని నమ్మి కాలయాపన చేయరాదు. ఏడిస్ దోమ పగటివేళ కుడుతుంది గనుక రోగిని పగలు కూడా దోమతెరలోనే ఉంచండి. ఇంటిలోని తక్కినవారికి అదే రక్ష.

నేడు నా బల్లపై నాడి చూసే చోటనే ఒక చిన్న పలక ఉంటుంది. దానిపై రోగి పేరు పక్కన జ్వరం మొదలైన తేదీ వ్రాస్తాను. మీరును మీ ఇంట జ్వరం వచ్చిన నాడే గోడ క్యాలెండరుపై ఒక గుర్తు పెట్టండి. వైద్యుడు ఎవరైనా, ఏ పద్ధతి వారైనా, ఆ గుర్తు వారికి సరియైన దారి చూపుతుంది.