బడి గడప దాటగానే మాట ఎందుకు ఆగిపోతుంది?

కన్యాశుల్కంలో గిరీశం, వెంకటేశం ఇంగ్లీషులో మాట్లాడుకునే ఘట్టం తెలుగువాళ్లకి కొత్త కాదు. వెంకటేశం తల్లి వెంకమ్మ ముచ్చటపడి అడుగుతుంది, గురుశిష్యులు మొదలుపెడతారు. గిరీశం పిల్లల పాటా పద్యాలూ అందుకుంటే, వెంకటేశం రేఖాగణితం నుంచి ఒక ముక్క, వ్యాకరణం నుంచి ఒక సూత్రం జవాబుగా వదులుతాడు. విజయనగరం మహారాజా కళాశాలలో పాఠాలు చెప్పిన గురజాడ అప్పారావుగారు తరగతిలో ఏం జరుగుతుందో దగ్గరగా చూసి రాసిన సన్నివేశం అది. వెంకటేశం చదువుకోలేదని కాదు. వాడు అప్పజెప్పడం నేర్చుకున్నాడు, మాట్లాడటం మాత్రం ఎవరూ నేర్పలేదు.

ఈ రెండు పనులకూ మెదడు పడే శ్రమ ఒకటి కాదు. మాట పుట్టే క్రమాన్ని డచ్ మనోభాషాశాస్త్రవేత్త విల్లెం లెవెల్ట్ 1989లో మూడు మెట్లుగా వివరించాడు. ముందు ఏం చెప్పాలో మనసులో రూపు కట్టాలి. తర్వాత దానికి తగిన మాటలు వెతికి, వాటిని వాక్యంగా కూర్చాలి. చివరికి నాలుక, పెదవులు, స్వరపేటిక, ఊపిరి కలిసి దాన్ని పలకాలి. బట్టీపట్టిన పాఠంలో మొదటి రెండు మెట్లూ ఇంకెవరో ఎక్కేశారు. పిల్లవాడికి మిగిలింది పలకడమే. అందుకే ఎక్కం గడగడా చెప్పే పిల్లవాణ్ణి ‘నిన్న సాయంత్రం ఏం చేశావురా?’ అని అడిగితే తల దించుకుంటాడు.

సంభాషణలో వేగం కూడా ఎక్కువే. పది భాషలను పోల్చి 2009లో ప్రచురించిన ఒక పరిశోధనలో, ఒకరు మాట ఆపాక రెండోవారు అందుకోవడానికి పట్టే సమయం సగటున 200 మిల్లీసెకన్లని తేలింది. కానీ ఒక బొమ్మ చూసి దాని పేరు చెప్పడానికే మనిషికి 600 మిల్లీసెకన్ల దాకా పడుతుంది. అంటే ఎదుటివాడి మాట పూర్తికాకముందే మనం జవాబు సిద్ధం చేసుకుంటున్నామన్నమాట. వింటూనే ఆలోచించే ఈ నేర్పు మాట్లాడుతూ ఉంటేనే వస్తుంది. వ్యాసాలు రాయిస్తే రాదు.

తరగతిలో ఆ అవకాశం ఎంత దొరుకుతోంది? అమెరికన్ విద్యావేత్త మేరీ బడ్ రో 1970లలో బడి పాఠాల టేపులు విని చూసింది. ప్రశ్న అడిగాక ఉపాధ్యాయులు జవాబు కోసం ఆగేది సుమారు ఒక్క సెకనే. దాన్ని మూడు సెకన్లకు పెంచినప్పుడు జవాబులు పొడుగయ్యాయి, ఎప్పుడూ నోరెత్తని పిల్లలు నోరెత్తారు, పిల్లలే ఎదురు ప్రశ్నలు వేశారు. ఇంట్లో ఒక భాష, బడిలో ఇంకో భాష అయిన పిల్లలకి మాట వెతుక్కోవడానికి మరింత సమయం పడుతుంది. వాళ్లకి ఆ రెండు సెకన్లు ఎంత అవసరమో వేరే చెప్పక్కర్లేదు. పైసా ఖర్చులేని ఈ పద్ధతిని శిక్షణ తరగతుల్లో మొట్టమొదట నేర్పాలని నా గట్టి నమ్మకం.

బడిలో మాటకి చోటివ్వాలన్న ఆలోచన ఉత్తరాంధ్రకి కొత్త కాదు. శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు వెంకటరామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో మేస్టారుగా చేరాక, చుట్టుపక్కల కొండల్లోని సవరల భాష నేర్చుకోవడానికి పూనుకున్నారు. ఆ భాషకి పుస్తకం లేదు, నిఘంటువు లేదు. సవర తెలిసిన మనిషిని ఇంట్లో పెట్టుకుని, విని, పలికి నేర్చుకున్నారు. సవరలో కంఠాన్ని టక్కున బిగబట్టి పలికే ధ్వని ఒకటుంది. తెలుగు లిపిలో దానికి అక్షరం లేదు, చెవితో పట్టుకోవలసిందే. నేర్చుకున్నాక సవర పిల్లలకి వాళ్ల భాషలోనే బడులు పెట్టించారు, వాచకాలు తయారుచేశారు. 1931లో సవర భాషా వ్యాకరణం ఇంగ్లీషులో అచ్చయింది.

ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్లలో ఈ జిల్లాలకు పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా వచ్చిన జె.ఎ. యేట్స్‌ది కూడా అదే దారి. భాషని మాటతోనే నేర్పాలని ఐరోపాలో అప్పటికే సాగుతున్న ప్రత్యక్ష పద్ధతిని ఆయన సమర్థించేవాడు. వీధిలో వినిపించే తెలుగూ బడి పుస్తకంలోని తెలుగూ ఇంత దూరంగా ఎందుకున్నాయన్నది ఆయన సందేహం. గిడుగు, గురజాడ చేపట్టిన వ్యావహారిక భాషోద్యమానికి ఆ ప్రశ్న బలమిచ్చింది. ఉద్యమం పుస్తకాల భాషను మార్చింది. తరగతిలో పిల్లల యాస మీద చిన్నచూపు మాత్రం ఇంకా పోలేదు.

ఆ చిన్నచూపు ఎలా పనిచేస్తుందో ఒక ఉదాహరణ చూద్దాం. ఆమదాలవలస వైపు ఒక బడిలో సోమవారం ఉదయం మేస్టారు అడిగారనుకోండి, ‘నిన్న ఏం చేశావమ్మా?’ అని. ‘సంతకెల్లినాం మేస్టారూ. మా అయ్య ఎద్దుని అమ్మీసినాడు’ అంటుంది పాప. ‘అమ్మీసినాడు కాదు, అమ్మేశాడు అనాలి’ అన్నారంటే ఆ కథ అక్కడితో సరి. ‘అమ్మీసినారా! ఎంతకి పోయింది? నీకు బెంగనిపించలేదూ?’ అని అడిగితే పాప బేరం సంగతి చెబుతుంది, ఎద్దు పేరు చెబుతుంది, తాను ఏడ్చిన సంగతీ చెబుతుంది. పుస్తకం భాష నేర్పొద్దని ఎవరూ అనరు. ఆ నాలుగు వాక్యాలనీ మర్నాడు పలక మీద రాయించేటప్పుడు నేర్పవచ్చు.

తప్పు దిద్దే తీరు మీద కూడా పరిశోధనలున్నాయి. కెనడాలోని ఫ్రెంచి తరగతులను పరిశీలించి రాయ్ లిస్టర్, లెయ్లా రాంటా 1997లో ఒక విషయం చెప్పారు. పిల్లవాడి తప్పు వాక్యాన్ని సరిచేసి తామే పలకడం ఉపాధ్యాయులు ఎక్కువగా చేసే పని. పిల్లలు తమంతట తాము దిద్దుకోవడానికి అదే అన్నిటికన్నా తక్కువ ఉపయోగపడింది. ‘ఏమన్నావు? ఇంకోసారి చెప్పు’ అనో, సగం వాక్యం అందించి ఆగిపోయో పిల్లవాడి చేతే దిద్దించడం మేలు.

ఇక భయం సంగతి. జర్మనీలోని ట్రియర్ విశ్వవిద్యాలయంలో 1993లో రూపొందించిన ఒక పరీక్ష ఉంది. ముఖంలో ఏ భావమూ చూపని కొద్దిమంది ముందు నిలబడి అయిదు నిమిషాలు మాట్లాడాలి, తర్వాత లెక్క చెప్పాలి. ఒత్తిడి హార్మోను కార్టిసాల్‌ని పెంచడానికి పరిశోధకులు నేటికీ వాడే నమ్మకమైన సాధనం ఇది. ఎన్నడూ నోరు తెరవని పిల్లని ఆగస్టు 15న ఒక్కసారిగా మైకు ముందు నిలబెట్టినప్పుడు మనం చేస్తున్నదీ దాదాపు ఇదే. ముందు పక్కనున్న నేస్తంతో, తర్వాత నలుగురి మధ్య, ఆ తర్వాతే తరగతి ముందు మాట్లాడించాలి.

జంటల్లో మాట్లాడిస్తే సమయమూ కలిసొస్తుంది. నలభైమంది ఉన్న తరగతిలో ఒక్కొక్కరినే లేపితే, 45 నిమిషాల పీరియడు మొత్తం వెచ్చించినా ఒక్కొక్కరికి నిమిషం పైచిలుకే దొరుకుతుంది. జంటలుగా కూర్చోబెడితే అయిదు నిమిషాల్లో ప్రతి ఒక్కరికీ రెండున్నర నిమిషాలు. గోల అవుతుంది, నిజమే. ఆ గోలని పాఠంగా గుర్తించే ప్రధానోపాధ్యాయులు కావాలి.

జంటకి ఏదో ఒకటి మాట్లాడుకోమంటే చాలదు, ఒకరికి తెలిసింది రెండోవారికి తెలియకూడదు. ఒక పాప చేతిలో శ్రీకాకుళం బస్టాండు నుంచి అరసవల్లి గుడికి దారి గీసిన పటం ఉంటుంది. రెండో పాప చేతిలోది బస్టాండు గుర్తు తప్ప ఏమీ లేని కాగితం. చూపించకుండా, చెప్పి గీయించాలి. ‘ఎడమకి’ అన్నచోట ‘కుడికి’ అంటే గుడి ఇంకెక్కడో లేస్తుంది, తప్పు ఎక్కడ జరిగిందో వాళ్లే పట్టుకుంటారు. మన బుర్రకథ కూడా ఇందుకు చక్కగా పనికొస్తుంది. ఒకరు కథ నడిపిస్తారు, వంతలిద్దరూ ప్రశ్నలు వేస్తూ, పరాచికాలాడుతూ కథకుణ్ణి ముందుకు తోస్తారు. సాంఘిక శాస్త్రం పాఠాన్ని ఇలా ముగ్గురి చేత చెప్పిస్తే వంత పిల్లలకీ శ్రద్ధగా వినక తప్పదు.

సీతంపేట కొండల్లోని సవర పిల్లల విషయంలో మొదటి మెట్టు ఇంకా కింద ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో మొదలైన బహుభాషా విద్యా కార్యక్రమం సవరతో సహా ఎనిమిది గిరిజన భాషల్లో తొలి తరగతులు నడిపింది, తెలుగు లిపిలో వాచకాలు వేసింది. ఇంటిభాషలో కథ చెప్పగలిగిన పిల్ల ఆ కథని తెలుగులోకి తెచ్చుకోగలదు. కథ కట్టే నేర్పు ఆమెకి అప్పటికే ఉంది, కావలసింది కొత్త మాటలే.

తన తరగతి ఎలా ఉందో తెలుసుకోవాలనుకునే ఉపాధ్యాయులకి నెడ్ ఫ్లాండర్స్ అనే అమెరికన్ చూపిన దారి ఒకటుంది. పాఠం జరుగుతుండగా ప్రతి మూడు సెకన్లకూ ఎవరు మాట్లాడుతున్నారో ఆయన గుర్తు వేయించేవాడు. తరగతి సమయంలో మూడింట రెండు వంతులు మాటలే, అందులో మూడింట రెండు వంతులు ఉపాధ్యాయుడివే అని తేల్చాడు. ఇప్పుడు ఫోనుంటే చాలు. పది నిమిషాల పాఠం రికార్డు చేసి, సాయంత్రం వింటూ కాగితం మీద గీతలు పెట్టుకుంటే రెండు వందల గీతలవుతాయి. పిల్లలవి వేరే రంగులో పెట్టండి. అందరూ కలిసి ‘అవును సార్’ అన్నవి వాటిలోంచి తీసేసి మళ్లీ లెక్కపెట్టండి. ప్రశ్న తర్వాత మూడు సెకన్లు ఆగడం అలవాటు చేసుకుని, నెల పోయాక అదే పాఠాన్ని మరో సెక్షనులో రికార్డు చేసి రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చూడండి.