వార్తల్లో పదం: హైబ్రిడ్ ఇన్వర్టర్

సోలార్ కరెంటుతో ఇంటిని నడుపుతూ, మిగిలినదాన్ని బ్యాటరీలో నింపే యంత్రం హైబ్రిడ్ ఇన్వర్టర్. నార్కట్‌పల్లి లాంటి ఊళ్లలో ఎండకు కొదవలేదు. అయినా గ్రిడ్‌కు మాత్రమే కలిపిన మామూలు సోలార్ ఇన్వర్టరైతే, మిట్టమధ్యాహ్నం కరెంటు పోగానే ఫ్యానూ ఆగుతుంది. స్తంభమెక్కిన లైన్‌మన్‌కు షాక్ కొట్టకుండా ఆ ఇన్వర్టర్ ఆగిపోవాల్సిందే. హైబ్రిడ్ మాత్రం గ్రిడ్ నుంచి విడిపోయి బ్యాటరీతో ఇంటిని నడుపుతుంది.

12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీని ఈ ఇన్వర్టర్ సుమారు 14.4 వోల్టుల దాకా ఛార్జి చేసి, తర్వాత 13.5 దగ్గర నిలుపుతుంది. లిథియానికి సెట్టింగు వేరు. తప్పు పెడితే బ్యాటరీ ఆయుష్షు తగ్గుతుంది.

2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద 3 కిలోవాట్లకు రూ.78,000 రాయితీ ఉంది. బ్యాటరీ ఖర్చు ఇంటివారిదే. కరెంటు కోతలు అరుదైన చోట, గ్రిడ్‌కు ఇచ్చిన కరెంటును లెక్కించే నెట్ మీటరే చాలు.