విత్తనాల కుండ ఖాళీ అయ్యాక

2016 ఏప్రిల్ 1. ఫిలిప్పీన్స్ దక్షిణాన మిందనావో దీవి. కిదాపవాన్ పట్టణం దగ్గర వేలమంది రైతులు రహదారి మీద బైఠాయించారు. వాళ్లలో లుమాద్‌లు, అంటే అక్కడి కొండల్లోని ఆదివాసులు, ఎందరో ఉన్నారు. అడిగింది 15 వేల బస్తాల బియ్యం. ఎల్‌నినో పుణ్యమా అని నెలల తరబడి వానల్లేక వరి, మొక్కజొన్న నిలువునా ఎండిపోయాయి. పోలీసులు కాల్పులు జరిపారు. కనీసం ఇద్దరు చనిపోయారు.

మరి విత్తనం మాటేమిటి? కరువు ముందు పైరును మింగుతుంది. ఆ తర్వాత, విత్తనానికని దాచిన గింజలు కూడా పొయ్యి మీదికెక్కుతాయి. అప్పుడు వాన పడినా చల్లడానికి ఏమీ ఉండదు. అప్పు చేసి హైబ్రిడ్ కొంటే ఒక పంట గట్టెక్కుతుంది. అందులోంచి గింజలు తీసి మళ్లీ చల్లితే మొక్కలు ఒక తీరుగా రావు, దిగుబడి పడిపోతుంది. వచ్చే ఏడూ దుకాణమే దిక్కు.

దీనికి విరుగుడు ఆ దేశంలోనే ఉంది. 1980లలో రైతులు, శాస్త్రవేత్తలు కలిసి పెట్టుకున్న సంఘం మసిపాగ్. ప్రయోగ మడిలో కనీసం 50 రకాల వరిని పక్కపక్కన వేస్తారు. రసాయన ఎరువులుండవు, పురుగుమందులుండవు. తమ నేలకు ఏది నప్పిందో రైతులే చూసి ఎంచుకుంటారు. కావాలంటే రెండు రకాలను తామే సంకరపరుస్తారు. విత్తనం చేతులు మారుతూ పొరుగు ఊళ్లకు చేరుతుంది.

మసిపాగ్ పుట్టింది హరిత విప్లవ వరి వంగడాల మీద అసంతృప్తితో. ఆ వంగడాలకు పుట్టిల్లు ఫిలిప్పీన్స్‌లోనే ఉన్న లాస్ బాన్యోస్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ. అక్కడ 1966లో విడుదలైన ఐఆర్8ను మరుసటేడు పశ్చిమగోదావరి జిల్లా ఆచంటలో నెక్కంటి సుబ్బారావు పండించి చూపారు. కాలువ నీళ్లున్న డెల్టాలో అది గాదెలు నింపింది, కాదనలేం. వానే దిక్కైన కొండవాలులో లెక్క వేరు.

అలాగని సేంద్రియం అన్న ముద్ర చూసి మురిసిపోనక్కర్లేదు. చుక్క నీరు లేకపోతే ఏ గింజా మొలవదు. ఈ విత్తనాల బలం రకరకాలుగా ఉండటంలో ఉంది. మెట్టవరితో పాటు చిలగడదుంప, కర్రపెండలం, మొక్కజొన్నకు దూరపు చుట్టమైన అడ్లాయ్ ఉంటే ఒకటి పోయినా మరొకటి దక్కుతుంది. మన మన్యంలో చోడి, సామ, కంది కలిపి చల్లేదీ ఈ లెక్కతోనే.

ఈసారి కరువు సాయం జాబితా రాసే అధికారులు బియ్యం బస్తాల పక్కన ఆ కొండకు అలవాటైన విత్తనాలనూ చేర్చాలి. అవి తొలకరికి ముందే ఊరికి అందాలి.