లయను లెక్కించు యంత్రము

ఆంధ్రప్రదేశమున మిక్కిలి తక్కువ వాన కురియు సీమ అనంతపురము. అచ్చట సాలుసరి వర్షపాతము సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. మేఘగర్జనమునకై జనులు చెవులొగ్గి కాచుకొనియుండు ఆ మెట్టసీమలో ‘ఉరుము’ అను పేర నొక వాద్యము కలదు. దాని మ్రోత ఉరుమును బోలును గనుక ఆ పేరు వచ్చినది. జాతరలలో కళాకారులు గుంపుగా చేరి, దానిని మ్రోగించుచు నృత్యము చేయుదురు. చెక్కభజనయు ఆ ప్రాంతమున ప్రసిద్ధమైన కళయే. ఇట్టి ఆటలు మెల్లగా ఆరంభమై, క్రమముగా వేగ మందుకొనును.

అట్టి పాట నొకదానిని సెల్‌ఫోనులో రికార్డు చేసి, దాని వేగమెంతయని సాఫ్ట్‌వేరు నడిగినచో, అది క్షణములో నొక సంఖ్య చెప్పును. నిమిషమునకు ఇన్ని దెబ్బలని దాని యర్థము. చెవులు లేని యంత్రమున కిది యెట్లు తెలియును?

డిజిటల్ ఫైలులో ధ్వని యంతయు సంఖ్యలుగా మారి యుండును. సి.డి.లో సెకనునకు 44,100 సంఖ్యలు చొప్పున నుండును. యంత్రము వానిని చిన్న చిన్న తునుకలుగా విభజించి, ధ్వని హఠాత్తుగా బలపడిన చోట్లను గుర్తించును. చెక్కలు తాకిన చోట్లు, పుల్ల చర్మముపై పడిన చోట్లు అవియే. పిదప ఆ గుర్తుల వరుసకు నకలు తీసి, దానిని అసలుపై నుంచి కొంచెము కొంచెముగా జరుపును. ధర్మవరపు పట్టుచీర అంచున ఒకే పువ్వు మరల మరల వచ్చుచుండును గదా! ఆ అంచును కాగితముపై దించుకొని, చీర వెంబడి జరిపినచో, పువ్వుపై పువ్వు సరిగా పడునంత దూరమే ఆ పువ్వుల యెడము. యంత్రము చేయునదియు నిట్టిదే. అర సెకను జరిపినపుడు గుర్తుపై గుర్తు పడినచో, దెబ్బ అర సెకనున కొకటి. అనగా నిమిషమునకు 120.

చిక్కు ఇచ్చటనే యున్నది. అర సెకను జరిపినపుడు సరిపడిన నకలు, పూర్తి సెకను జరిపినను సరిపడును. అప్పుడు లెక్క 60 అగును. ఈ రెండింటిలో నేది నిజము? సంగీతము నేర్చు బాలుడు ఒకే వరుసను మూడు కాలములలో పాడును. చేతి తాళము మాత్రము మారదు. స్వరములు రెట్టింపైనంత మాత్రమున తాళము రెట్టింపు కాదు. యంత్రమునకు వినబడునవి దెబ్బలే గాని, చేయి యెచ్చట పడవలెనో వినబడదు. అందుచేత పలు సాఫ్ట్‌వేరులను 120 ప్రాంతపు సంఖ్యవైపు మొగ్గునట్లు అమర్చుదురు. ఇది యొక యూహయే గాని కొలత కాదు.

మిశ్రచాపు తాళమున కష్టము మరింత హెచ్చు. అందలి యేడు మాత్రలు మూడు, నాలుగుగా విడిపోవును. దెబ్బలన్నియు సమదూరమున నుండునని నమ్మిన యంత్రము అచ్చట తడబడును.

ఈ చిక్కులను విప్పుటకు బార్సిలోనాలోని పాంపెయు ఫాబ్రా విశ్వవిద్యాలయమున జేవియర్ సెర్రా నాయకత్వమున 2011లో ‘కాంప్‌మ్యూజిక్’ అను పరిశోధన ఆరంభమయ్యెను. మద్రాసు ఐ.ఐ.టి. వారును అందు పాల్గొనిరి. ఆది, రూపక, మిశ్రచాపు, ఖండచాపు తాళములలోని కర్ణాటక సంగీత రికార్డులను తీసికొని, సమ మెచ్చట పడునో మనుష్యులే విని గుర్తులు పెట్టిరి. ఆ గుర్తుల నుండి యంత్రము నేర్చుకొనెను. అజయ్ శ్రీనివాసమూర్తి ఈ విషయమునే పరిశోధించి 2016లో సిద్ధాంతగ్రంథము సమర్పించిరి. తాళమేదో ముందుగా తెలిపినచో, యంత్రమునకు సమమును వెదకుట సులభమగును. తాళము పేరు కూడ చెప్పక పాటను వినిపించి, అంతయు సరిగా చెప్పుమనుట యంత్రమునకు అన్యాయమే!

జానపద గీతములకు ఒక్క సంఖ్య యేమాత్రమును చాలదు. ఒక భజన 80 దెబ్బలతో ఆరంభమై 160 వరకు పెరిగినదనుకొనుడు. యంత్రము దానికి 120 అని చీటీ అంటించినచో, ఆ వేగమున పాట నడిచినది కొలది క్షణములే. మెల్లని పాటలు వెదకువారికిని, వేగముగల పాటలు వెదకువారికిని అది దొరకదు. భాండారమున నుండియు లేనిదే యగును. పది సెకనుల కొకసారి వేగమును లెక్కించి రేఖగా గీసినచో, పాట యెచ్చట ఊపందుకొనెనో, యెచ్చట నిలిచెనో కనబడును. అయినను ఆ గుర్తులు అడుగులు పడిన చోటనే పడినవా, నడుమ పడినవా యని తేల్చుటకు, ఆ యాటగాని పిలిచి యొకసారి వినిపింపవలసియుండును.