తప్పెవరిది?

మన రోడ్ల మీద బండ్లు గుద్దుకుంటే పంచాయితీ రెండు నిమిషాల్లో తేలిపోతుంది. వెనక నుంచి గుద్దినోడిది తప్పు, లేదంటే పెద్ద బండోడిది తప్పు. ఫార్ములా వన్‌లో ఈ లెక్క నడవదు. ఓవర్‌టేక్ చేసేవాడు వచ్చేదే వెనక నుంచి కదా! ప్రతిసారీ అతన్నే అంటే ఇక ఎవరూ ఎవర్నీ దాటరు.

అందుకే తీర్పు చెప్పే స్టీవర్డ్‌లు మలుపు దగ్గర చూస్తారు. మలుపులో కారు లోపలి అంచుకి బాగా దగ్గరగా వచ్చే చోటు ఎపెక్స్. లోపలి వైపు నుంచి దూరినవాడి ముందు యాక్సిల్ అక్కడికి కనీసం పక్క కారు అద్దం దాకా రావాలి. బయటి వైపు నుంచి దాటాలంటే పక్క కారు ముందు యాక్సిల్ కన్నా ముందుండాలి. 2025లో ఎఫ్ఐఏ బయటపెట్టిన మార్గదర్శకాల్లో ఉన్నది ఇదే. అలా వచ్చినవాడికి చోటివ్వాలి. ఒకరిదే పూర్తిగానో, ఎక్కువగానో తప్పయితే శిక్ష. లేదంటే 'రేసింగ్ ఇన్సిడెంట్' అని వదిలేస్తారు.

ఇంతవరకూ బానే ఉంది. అసలు గొడవ శిక్ష దగ్గర.

2021 సిల్వర్‌స్టోన్, మొదటి ల్యాప్. కాప్స్ మలుపులో హామిల్టన్ లోపలి నుంచి దూరాడు. అతని ముందు చక్రం వెర్‌స్టాపెన్ వెనక చక్రానికి తగిలింది. వెర్‌స్టాపెన్ 51జీ దెబ్బతో టైర్ల గోడలోకి వెళ్లి, పరీక్షల కోసం ఆసుపత్రికి చేరాడు. లోపల చోటున్నా హామిల్టన్ ఎపెక్స్‌కి దగ్గరగా రాలేదు కాబట్టి ఎక్కువ తప్పు అతనిదేనన్నారు. శిక్ష 10 సెకన్లు. అది కట్టేసి రేసు కూడా గెలిచాడు! నాకైతే ఒళ్లు మండింది.

కానీ స్టీవర్డ్‌లు తూచేది తప్పుని, దెబ్బని కాదు. అదే తాకిడి నెమ్మది మలుపులో జరిగితే కారు గిర్రున తిరిగి ఆగేదేమో. డ్రైవర్ చేసిన పొరపాటు మాత్రం అంతే కదా.

రెండు నెలలకి మోంజాలో కథ తిరగబడింది. వెర్‌స్టాపెన్ కారు హామిల్టన్ కారు మీదకెక్కింది. హేలో లేకపోతే తల ఏమయ్యేదో! ఈసారి ఎక్కువ తప్పు వెర్‌స్టాపెన్‌ది. ఇద్దరూ రేసులోంచి బయటికొచ్చేశారు కాబట్టి సెకన్లు కలపడం కుదరదు, తర్వాతి రేసు గ్రిడ్‌లో 3 స్థానాలు వెనక్కి అన్నారు. అయితే ఆ సోచి రేసుకి అతను ఇంజిన్ మార్చుకుని ఎలాగూ చిట్టచివర నుంచే మొదలెట్టాడు. రెండో స్థానంలో ముగించాడు.