జవాబు ఆలస్యమైంది... ఇప్పుడేం రాయాలి?

వేసవి సెలవుల తర్వాత బడి తలుపు తీస్తే బెంచీల మీద దుమ్ము కనిపిస్తుంది. ఆ రోజే తుడిచేస్తాం. బడి ఈమెయిల్‌లో పేరుకున్నది మాత్రం ఎవరి కంటా పడదు. తెలుగు పాఠ్యపుస్తకాల ఇండెంట్ అడుగుతూ ఒకటి, ఖాళీగా ఉన్న తెలుగు టీచరు పోస్టు వివరాలు అడుగుతూ ఒకటి, ఆదోని నుంచో గుంతకల్లు నుంచో వచ్చి చేరిన పిల్లాడి టీసీ గురించి ఇంకొకటి. తెరిచి చూసేసరికి పదిహేను రోజులు గడిచి ఉంటాయి. ఇప్పుడేం రాయాలో తోచక చాలామంది ఇంకో వారం ఊరుకుంటారు. మొదటి పదిహేను రోజుల కంటే ఈ వారమే ఎక్కువ చెరుపు చేస్తుంది. మొదటిది పొరపాటు అనుకుంటారు, రెండోది నిర్లక్ష్యం అనుకుంటారు.

ఈ బెడద అన్ని బడులకూ ఉన్నదే. కానీ మన బడులకు దెబ్బ గట్టిగా తగులుతుంది. జిల్లాలో కన్నడ మాధ్యమం బడులు వందల్లో ఉంటాయి. ఒక బడి లెక్క రాకపోయినా మొత్తం అంచనా పెద్దగా మారదు. తెలుగు మాధ్యమం బడులు కొన్నే. ఒక బడి జవాబు రాకపోతే పట్టికలో ఆ గడి ఖాళీగా మిగులుతుంది. ఖాళీ గడిని చూసినవాళ్లు 'అవసరం లేదు' అని చదువుకోవచ్చు. కర్ణాటక పాఠ్యపుస్తక సంఘం తెలుగులోనూ పుస్తకాలు అచ్చువేస్తుంది. ఎన్ని వేయాలన్నది మాత్రం బడులు పంపే అంకెల మీదే ఆధారపడుతుంది.

వెనక్కి చూస్తే, సరిహద్దు బడికి ఉత్తర ప్రత్యుత్తరాలే ఊపిరి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు పాత బళ్లారి జిల్లాలోని ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు అటు వెళ్లాయి. బళ్లారి, సిరుగుప్ప, హొసపేట వంటివి మైసూరు రాష్ట్రంలో చేరాయి. ఇక్కడి తెలుగు బడి అధికారులు ఆ రోజుతో మారిపోయారు, కాగితాల భాష మారిపోయింది. 1956లో ఏడో రాజ్యాంగ సవరణ 350ఎ, 350బి అధికరణాలను తెచ్చింది. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన సౌకర్యాలు, భాషా అల్పసంఖ్యాకుల కోసం ప్రత్యేక అధికారి వాటితోనే వచ్చాయి. హక్కు రాజ్యాంగంలో ఉంది సరే, దాన్ని అడగాల్సింది మాత్రం కాగితం మీదే. అడిగిన కాగితానికి వచ్చిన ప్రశ్నకు మనమే జవాబు ఇవ్వకపోతే ఫైలు ముందుకు కదలదు.

ముందు జవాబు, తర్వాత క్షమాపణ

ఆలస్యమైన ఉత్తరంలో అవతలివాళ్లు వెతికేది వాళ్లు అడిగిన వివరాన్నే. క్షమాపణకు ఒక వాక్యం చాలు. ఉదాహరణకు బీఈఓ కార్యాలయానికి ఇలా రాయవచ్చు:

"మాన్యులకు, మీరు 3వ తేదీన పంపిన ఈమెయిల్‌కు ఈ రోజు జవాబు ఇస్తున్నాం. ఆలస్యానికి క్షమించండి. మీరు అడిగిన విద్యార్థుల సంఖ్య: 5వ తరగతి 14, 6వ తరగతి 11, 7వ తరగతి 9. మా బడి యూడైస్ సంఖ్య పైన ఇచ్చాం. ఖాళీ పోస్టుల పట్టిక సోమవారం సాయంత్రం లోపు పంపుతాం."

ఇందులో ఏ ఉత్తరానికి జవాబో ఉంది, వివరం ఉంది, మిగిలినది ఎప్పుడు వస్తుందో ఉంది. కొందరు అన్ని వివరాలూ చేతికి వచ్చాకే రాద్దామని ఆగుతారు. ఆగొద్దు. సగం ఉంటే సగం పంపి, మిగతా సగానికి తేదీ చెప్పండి. చెప్పిన సోమవారం దాటితే ఆ ఉత్తరమే మనకు ఎదురు సాక్ష్యం అవుతుంది కాబట్టి, నిలబెట్టుకోగల రోజే రాయండి.

కారణం రాయాలా? ఒక్క ముక్కలో చెప్పగలిగితే రాయండి. 'సెలవుల్లో బడి ఈమెయిల్ చూడలేదు' అన్నది నిజం, సరిపోతుంది. పదిహేను రోజులు నెట్‌వర్క్ లేదంటే ఎవరూ నమ్మరు. 'మా గుమాస్తా చూసుకోలేదు' అని రాస్తే, ఈ బడిలో అజమాయిషీ లేదని చదివేవాళ్లకు అర్థమవుతుంది. కోర్టులో గడువు దాటితే 1963 నాటి లిమిటేషన్ చట్టం 5వ సెక్షన్ కింద తగిన కారణం చూపాలి. బడి ఉత్తరం అఫిడవిట్ కాదు కదా, పేజీ నిండా కారణాలు అక్కర్లేదు.

అయితే క్షమాపణతో తీరని ఆలస్యాలూ ఉన్నాయి. ప్రభుత్వ బడికి సమాచార హక్కు దరఖాస్తు వస్తే 30 రోజుల గడువు చట్టంలోనే ఉంది. సరైన కారణం లేకుండా దాటితే రోజుకు 250 రూపాయల చొప్పున 25,000 దాకా సమాచార అధికారికి జరిమానా పడవచ్చు. అలాంటి కాగితాన్ని మామూలు మెయిళ్లలో కలిపేయకుండా వచ్చిన రోజే విడిగా పెట్టుకోవాలి.

మాట ఒకటే, అర్థం వేరు

మన టీచర్లు తెలుగులో ఆలోచించి కన్నడలో రాస్తారు. రెండు భాషలకూ ఉమ్మడి మాటలు బోలెడు ఉండటంతో పని తేలికే, అక్కడక్కడ మాత్రం కాలు జారుతుంది. 'ఆలస్యానికి విచారిస్తున్నాను' అని తెలుగులో రాస్తే బాధపడుతున్నాననే అర్థం వస్తుంది. అదే మాటను కన్నడలోకి దింపి 'విచారిసుత్తేనె' అంటే, ఆరా తీస్తానని చదువుకుంటారు. ఆలస్యం చేసినవాడే ఆరా తీస్తాననడం బాగుండదు! 'చింతిస్తున్నాం' కూడా అంతే. కన్నడలో 'చింతిసు' అంటే ఆలోచించడం, దిగులు పడటం. అక్కడ 'విళంబక్కె విషాదిసుత్తేనె' అన్నది కార్యాలయ మర్యాదకు సరిపోతుంది. కాస్త దగ్గరితనం ఉంటే 'తడవాగి ఉత్తరిసిద్దక్కె క్షమె ఇరలి' అనవచ్చు. మన 'తడవు', వాళ్ల 'తడ' చుట్టాలే. మనం ఉత్తరం అంటే మొత్తం జాబు, వాళ్లకు ఉత్తర అంటే జవాబు. కన్నడ కార్యాలయ పత్రంలో 'విషయ' కింద 'ఉల్లేఖ' అనే వరుస ఉంటుంది. మన ఉల్లేఖనానికి దానికి సంబంధం లేదు. వాళ్ల పాత పత్రం సంఖ్య, తేదీ అక్కడ వేయాలి. ఆలస్యమైన జవాబులో ఆ వరుస లేకపోతే ఏ ఫైలులో కలపాలో అవతల గుమాస్తాకు తెలియదు.

తెలుగులోనే రాయకూడదా అని కొందరు అడుగుతారు. ఫిర్యాదు లేదా విన్నపం అయితే, రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా ఇచ్చే హక్కు 350వ అధికరణం ఇస్తోంది. సర్క్యులర్‌కు అంకెలు పంపేటప్పుడు ఆ హక్కు పట్టుకుని కూర్చోవడం కంటే కన్నడలో రాసేయడమే మేలు. హక్కును విన్నపాల కోసం దాచుకుందాం.

అమ్మానాన్నలకు బడి ఇచ్చే జవాబు

బళ్లారి జీన్స్ కుట్టు షెడ్లలో పనిచేసే తండ్రి, మిరప కోతలకు వెళ్లే తల్లి, సిరుగుప్ప వైపు క్యాంపులో వరి వేసుకునే తాత, వీళ్ల ఉత్తరాలన్నీ వాట్సాప్‌లోనే. స్కాలర్‌షిప్‌కు ఆదాయ ధ్రువపత్రం కావాలని బడి అడిగిన వారానికి జవాబు వస్తుంది: "ఊరికి పోయింటిమి సార్, ఇప్పుడే చూస్తిమి. రేపు పొద్దున కాగితం తెచ్చిస్తాం." క్షమించండి అన్న మాట ఇందులో లేదు. ఉండాల్సినవి మాత్రం అన్నీ ఉన్నాయి. మన మాటల్లో 'క్షమించండి' బరువైన పదం, ఇంట్లో ఎవరూ వాడరు. అది రాయలేదని టీచరు నొచ్చుకోనక్కర్లేదు.

తిరుగు దారి సంగతే నాకు ఎక్కువ పట్టింపు. 'మావాడి టీసీ వచ్చిందా సార్?' అని అడిగిన తల్లికి బడి పది రోజులు జవాబు ఇవ్వకపోవడం మామూలైపోయింది. బీఈఓకు నాలుగు వాక్యాలు సవరించి రాసే మనమే ఆమెకు 'చూస్తాం' అని ఒక్క ముక్క పడేస్తాం. టీసీ తేలక ఆమె నిద్రపోవడం లేదేమో. ఆమెకూ అదే పద్ధతిలో రాయాలి: "అమ్మా, మీ ప్రశ్నకు జవాబు ఇవ్వడం ఆలస్యమైంది, ఏమీ అనుకోకండి. టీసీ ఇంకా రాలేదు. ఆ బడికి నిన్న మళ్లీ రాశాం. శుక్రవారం మీకు ఫోన్ చేస్తాం."

ఇక ఆలస్యాల మూలం చాలా బడుల్లో ఒకటే. బడి ఈమెయిల్‌కు ముడిపడిన ఫోన్ నంబరు బదిలీ అయిపోయిన పాత హెచ్‌ఎంది. ఓటీపీ ఆయనకు వెళుతుంది, ఆయన వేరే తాలూకాలో ఉంటారు. చార్జి అప్పగించే రోజు బీరువా తాళాలు, హాజరు పట్టీలు రాసే జాబితాలోనే ఈమెయిల్ పాస్‌వర్డ్, దాని ఫోన్ నంబరు మార్పు కూడా ఒక వరుసగా రాయించి ఇద్దరూ సంతకాలు పెట్టాలి. సెలవులకు ముందు ఆటోమేటిక్ జవాబు ఒకటి పెట్టవచ్చు: బడి ఫలానా తేదీ దాకా మూసి ఉంటుంది, అత్యవసరమైతే ఈ నంబరుకు ఫోన్ చేయండి అని, కన్నడలోనూ తెలుగులోనూ. అది పెట్టడానికి ఐదు నిమిషాలు పడుతుంది.