రంగస్థలం నుండి వెండితెరకు ‘శశిరేఖా పరిణయం’

అమలాపురం: తెలుగు నాటకరంగం నుండి చలనచిత్ర రంగానికి తరలివెళ్లిన పౌరాణిక గాథలలో ‘శశిరేఖా పరిణయం’ అగ్రగణ్యమైనది. 1957 మార్చి 27న విడుదలైన ‘మాయాబజార్’ చిత్రానికి ఇదియే మూలం. అందు లక్ష్మణకుమారుని పాత్ర ధరించిన హాస్యనట చక్రవర్తి రేలంగి వెంకట్రామయ్య కోనసీమ బిడ్డ. రావులపాలెం సమీపంలోని రావులపాడులో 1910లో ఆయన జన్మించారు.

ఈ గాథను భారతకథగా పేర్కొనడం పరిపాటి. అయితే వ్యాసభారతంలో గాని, కవిత్రయ భారతంలో గాని శశిరేఖ కానరాదు. అందు అభిమన్యుని భార్య ఉత్తర మాత్రమే. బలరాముని కుమార్తెతో అభిమన్యుని ప్రణయం జానపదుల కల్పన. పత్రికా రచనలలో ఈ భేదాన్ని గమనించడం అవసరం.

కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో ఆవిర్భవించిన సురభి నాటక సమాజం వారు ఈ కథను తీగల సాయంతో, ఘటోత్కచుని గగన విహారాదులతో ప్రదర్శించి ఊరూరా ప్రేక్షకులను అబ్బురపరచారు. రంగస్థలంపై మాయ కనులపండువ. చిత్రంలో దర్శకులు కె.వి.రెడ్డి, రచయిత పింగళి నాగేంద్రరావు ఆ మాయకు వేరొక పని అప్పగించారు. చూచువారికి ప్రియమైన దానిని చూపే ప్రియదర్శిని పేటికలో శశిరేఖకు అభిమన్యుడు, తల్లి రేవతికి నగలు, శ్రీకృష్ణునకు శకుని గోచరిస్తారు. ఒక్క వస్తువుతో ప్రణయమూ, లోభమూ, రాజకీయమూ వెల్లడియైనవి. పాండవులు చిత్రమంతటా తెరపైకి రానేరారు. యుద్ధకథగా మారవలసిన ఇతివృత్తం ఇంటింటి పెండ్లికథగా నిలచుటకు ఇదియొక ప్రధాన కారణమని చెప్పవచ్చును.

ప్రేమకథలో ప్రతినాయకుడు క్రూరుడైన పక్షంలో కత్తులు దూయక తప్పదు. ఇచ్చట పోటీ వరుడు నవ్వులపాలగుటయే పరిష్కారం. పెండ్లిపీటలపై మాయాశశిరేఖ చేత చిక్కి బెంబేలెత్తు లక్ష్మణకుమారునిగా రేలంగి నటన ఆ భారాన్ని మోసింది. రేలంగి, ఘటోత్కచునిగా నటించిన ఎస్.వి.రంగారావు ఇరువురూ కాకినాడ యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్ నాటకాలలో ఆరితేరిన వారే. నిజ, మాయా శశిరేఖలు రెండింటినీ సావిత్రి పోషించారు. 1970లో రేలంగిని పద్మశ్రీ వరించింది.

ఈ మార్పులో నష్టమూ లేకపోలేదు. ‘వన్స్‌మోర్’ అనిపించుకొని రాగాలాపనతో రాత్రంతా సాగిన పద్యానికి చిత్రంలో చోటు కుదించబడినది. దాని స్థానాన్ని పాటలు, చమత్కార సంభాషణలు ఆక్రమించాయి. పద్యనాటకాభిమానులకు ఇది లోటే.

ఇదే దర్శకులు 1963లో చిలకమర్తి లక్ష్మీనరసింహం ‘గయోపాఖ్యానం’ ఆధారంగా నిర్మించిన ‘శ్రీకృష్ణార్జున యుద్ధం’లోనూ సుభద్రార్జునుల ప్రణయాన్ని ముందు నిలిపి, యుద్ధాన్ని తరువాతకు నెట్టారు. 2010లో ‘మాయాబజార్’ రంగుల్లో తిరిగి విడుదలైనది. సురభి కళాకారుల ‘మాయాబజార్’ నాటకం నేటికీ ప్రదర్శింపబడుచున్నది.